కోటులో చిక్కుడు గింజ

పెద్దోడి అమ్మకు, నేను బాగానే ఉన్నాను. నీ కంటి కట్టు విప్పారో లేదో తెలియక నాకు స్థిమితం లేదు.

మంచు సముద్రంలో మనుషులే లేని దీవికి వచ్చాం, పరిశోధకుల గుడిసెకు కప్పు వెయ్యడానికి. బయటి మొక్క మొలవకూడదని పడవ దిగేముందు జేబులన్నీ దులిపిస్తారు. నీ పెరటి చిక్కుడు గింజ ఒకటి నా కోటులో బయటపడింది. "కాల్చెయ్యాలి తాతా" అన్నాడు ఆఫీసరు. "మా ఆవిడ పండించినదాన్ని కాల్చడానికి నువ్వెవడివి?" అని నమిలి మింగేశాను. ఇక్కడ చూద్దామన్నా ఒక్క చెట్టు లేదు.

పందిరికి గుంజలు మార్పించారా? కంట్లో చుక్కలు మానకు. అందరికీ నా దీవెనలు.

కోడలు పిల్లా, చదివింది చాలు, ఇక్కడ ఆపు. మిగతా ముక్క కట్టు విప్పాక మీ అత్తే చదువుకుంటుంది.

ఏమే, నువ్వు పక్కన లేకుండా నాకు ఒక్క పూటా తోచడం లేదు.