తిజానీ మూయని ఫైలు

రమ్లా, కెర్కెన్నా దీవి

స్ఫాక్స్ కంప్యూటర్ల విభాగం అధికారి అనీస్ ఫెకీ గారికి, రమ్లా సముద్ర హక్కుల కార్యాలయం నుంచి నజీహా సుయిసీ సలాం చెప్పి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా కంప్యూటర్లు తప్ప.

మా ఫైళ్ళన్నీ మీ దగ్గరున్న పెద్ద మిషన్‌లో ఉంటాయి. సముద్రం దాటి వచ్చే సిగ్నల్ తూర్పుగాలి వీస్తే పోతుంది, పడమటిగాలి వీస్తే రాదు. దానికి అలవాటు పడ్డాం. ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. ‘తూర్పు తీరం’ అనే ఫైలు తెరవబోతే, ‘తిజానీ దహ్మాన్ వాడుతున్నారు, మీరు రాయడానికి వీల్లేదు’ అంటోంది. పైగా సగమే చూపిస్తోంది.

అది మన జాలర్ల షర్ఫియాల జాబితా. షర్ఫియా అంటే నీళ్ళలో చేపలు పట్టడానికి కట్టే ఖర్జూరపు మట్టల దడి; దాన్ని ఎవరు ఎక్కడ కట్టుకోవాలో, తాతల నాటి నుంచి ఎవరి నీళ్ళు ఎక్కడిదాకానో అందులోనే ఉంది. బక్రీదు పండుగ వెళ్ళగానే ఓడరేవు కమిటీ కూర్చుంటుంది. జాబితాలో లేని నీళ్ళు ఎవరివీ కావని తేల్చి, ఓడల దారి కోసం తవ్వుకుపోతారు. కాబట్టి తిజానీ పేరు వెంటనే తీసేయండి.

ఇట్లు,
నజీహా సుయిసీ

తా.క. ముందు ఫోనే చేశాను. నెట్‌వర్క్ ఫిర్యాదులు నెట్‌వర్క్ ద్వారానే పంపాలని రికార్డు చేసిన గొంతు చెప్పింది. వీలుంటే ఆ గొంతుకి ఈ ఉత్తరం చూపించండి.

*

స్ఫాక్స్

నజీహా గారికి, అనీస్ ఫెకీ సలాములు. మీ ఫిర్యాదు అందినది.

ఫైలు తెరిచినవారే మూయాలి. అది మా విభాగం మొదటి నియమం. మా అమ్మ వంటింట్లో డబ్బాల విషయంలోనూ అదే నియమం. తిజానీ గారి బల్ల మీ బల్ల పక్కనే అని మా దగ్గరున్న వివరాలు చెబుతున్నాయి. లేచి వెళ్ళి ఒక మాట అడగడానికి మీకేం అడ్డు? మీ ఇద్దరికీ పడదని ఇక్కడ కూడా అనుకుంటారు. ఆఫీసు పనిలో పంతాలు మంచివి కావని మనవి.

ఇంకో సంగతి. మా పెద్ద మిషన్ చెప్పేదాన్ని బట్టి ఆయన చలికాలం నుంచి కుర్చీలోంచి లేవలేదు. సెలవు లేదు, భోజనానికి విరామం లేదు. పనికి పేరుబడ్డ స్ఫాక్స్‌లోనే అలాంటి ఉద్యోగి దొరకడు. ఆయనకు ఉత్తమ హాజరు పత్రం ఇప్పించాను. ఇదే ఫెర్రీలో వస్తోంది.

భవదీయుడు,
అనీస్ ఫెకీ

తా.క. మీ కవరునే తిరగేసి అంటించాను. పారేయకండి, ఇంకో ప్రయాణానికి ఓపుతుంది.

*

రమ్లా

అనీస్ ఫెకీ గారికి,

మీరు అడగమన్నారు కాబట్టి వెళ్ళి అడిగాను. శుక్రవారం నమాజు తర్వాత శ్మశానానికి వెళ్ళి, తిజానీ సమాధి పక్కన నిలబడి, ‘ఆ ఫైలు మూయవయ్యా, స్ఫాక్స్ వాళ్ళు అడుగుతున్నారు’ అన్నాను. ఆయన బతికుండగా కూడా నా మాట ఒకసారికి వినలేదు.

తిజానీ చలికాలంలో ఒక మధ్యాహ్నం పని చేస్తూ చేస్తూ బల్ల మీదే తల వాల్చేశాడు. ఆ రోజు సిగ్నల్ లేదు. ఆ కంగారులో ఎవరో ఆయన కంప్యూటరు ప్లగ్గు పీకేశారు. మీ స్ఫాక్స్ నుంచి సంతాప లేఖ కూడా వచ్చింది. దాని మీద మీ విభాగం ముద్ర ఉంది.

మాకు పడదన్న మాట నిజమే. మా నాన్న షర్ఫియాను జాబితాలో ఎక్కించమని ఏడాదిగా ఆయన ప్రాణం తీశాను. ‘కాగితం లేదు, చూసిన సాక్షి లేడు. పక్క బల్లని చెప్పి నీకు రాస్తే రేపు ఊరందరికీ రాయాలి’ అనేవాడు. ఆ పొద్దున కూడా అదే అన్నాడు. నేను, ‘ఇక నీ మొహం చూడను పో’ అన్నాను. దేవుడు నా మాట అంత త్వరగా ఎందుకు విన్నాడో తెలియదు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

నజీహా

తా.క. ఉత్తమ హాజరు పత్రం అందింది. ఎక్కడ తగిలించమంటారు?

*

స్ఫాక్స్

గౌరవనీయులైన లల్లా నజీహా గారికి,

మీ ఉత్తరం చదివి పాత లేఖల నకళ్ళు తీసి చూశాను. ఆ సంతాప లేఖ మీద ముద్ర వేసింది నేనే. ముద్ర వేసేవి చదివే అలవాటు నాకు లేదు. సిగ్గుపడుతున్నాను. తిజానీ గారిని దేవుడు కరుణించుగాక.

అయినా పేరు తీయను. కోపం పక్కన పెట్టి కాస్త వినండి. సిగ్నల్ పోయినా మీ పని ఆగకూడదని నిరుడు ఒక ఏర్పాటు చేశాం. సిగ్నల్ లేనప్పుడు రాసినదాన్ని మీ బల్ల మీది కంప్యూటరే దాచుకుని, సిగ్నల్ రాగానే ఇక్కడికి పంపి, రాసినవారి పేరు మీదే ఫైలు మూస్తుంది. ఆయన ఆ రోజు రాసింది ఇంకా ఆయన కంప్యూటర్లోనే ఉండాలి. దానికోసమే మా పెద్ద మిషన్ ఇంతకాలంగా ఎదురుచూస్తోంది. నేనిక్కడ పేరు కొట్టేస్తే, రేపు ఆ రాత వచ్చినా మిషన్ పుచ్చుకోదు. తిజానీ గారి చివరి రోజు పనంతా గాలికి పోతుంది.

గాలి లేని పూట చూసి ఆయన కంప్యూటరు ఆన్ చేయండి. సిగ్నల్ అందేదాకా దాని జోలికి పోకండి.

భవదీయుడు,
అనీస్ ఫెకీ

తా.క. హాజరు పత్రం వెనక్కి తీసుకోవాలంటే ఉద్యోగి సంతకం ఉండాలట. మీ దగ్గరే ఉంచండి.

*

రమ్లా

అనీస్ గారికి,

ఆన్ చేయడం మీరనుకున్నంత తేలిక కాదు. ఆ కంప్యూటరు మీద వల కప్పి ఉంది. కప్పింది జాలర్లు. మనిషి పోతే, అతను నీళ్ళలో దించి వెళ్ళిన బుట్టను వారసుడే ఎత్తాలన్నది వాళ్ళ కట్టుబాటు. లోపల చేప కుళ్ళినా సరే, ఇంకొకరు చెయ్యి పెట్టరు. తిజానీ వాళ్ళ నీళ్ళ కోసమే పని చేస్తూ పోయాడు కాబట్టి ఆ కంప్యూటరుకీ అదే మర్యాద చేశారు.

మీ ఉత్తరం వాళ్ళ పెద్ద ఖలీఫా బాబాయికి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. ‘అయితే తిజానీ బుట్ట దించే పోయాడన్నమాట. అందులో సరుకు కూడా ఉంది. అవతల ఎవరో ఆ తాడు వదలకుండా పట్టుకున్నారు. స్ఫాక్స్ వాళ్ళకి ఇంత మర్యాద తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలీదమ్మా’ అన్నాడు.

తిజానీకి భార్య లేదు, పిల్లల్లేరు, తోబుట్టువుల్లేరు. వారసుడెవరో తేల్చడానికి జాలర్లు రేవు దగ్గర కూర్చున్నారు. టీ మీద టీ తాగుతున్నారు. ఏదీ తేలలేదు. పండుగ గొర్రెలు అప్పుడే ఫెర్రీలో దిగుతున్నాయి. కమిటీ రోజు ముంచుకొస్తోంది, నాకు భయంగా ఉంది.

నజీహా

తా.క. మన కవరు చిరిగిపోయింది. అందుకని ఉత్తరాన్ని ఎండు ఆక్టోపస్ పొట్లంలో పెట్టాను. ఆక్టోపస్‌ను కవరుగా భావించండి.

*

స్ఫాక్స్

లల్లా నజీహా గారికి,

వారసుడి కోసం మా నియమాల పుస్తకమంతా గాలించాను. ఒకచోట దొరికింది. ‘కంప్యూటరు వాడేవారు దాని దగ్గరకు రాలేని పరిస్థితిలో, పక్క బల్లవారు దాని బాధ్యత తీసుకోవలెను.’ దాని ప్రకారం తిజానీ గారి కంప్యూటరుకు మిమ్మల్ని బాధ్యులుగా నియమిస్తూ ఉత్తర్వు పంపుతున్నాను. ఈసారి చదివే ముద్ర వేశాను.

ఆ నియమం అగ్నిప్రమాదాల అధ్యాయంలో ఉంది. ఆ సంగతి ఖలీఫా బాబాయికి చెప్పకపోయినా ఫరవాలేదు.

మీ శ్రేయోభిలాషి,
అనీస్

తా.క. కవరును వెనక్కి పంపడం కుదరలేదు. మా అమ్మ కుస్కుస్ వండుతూ అందులో వేసేసింది.

*

రమ్లా

అనీస్‌కు, అక్క నజీహా ఆశీస్సులతో,

నీ ఉత్తర్వు పట్టుకుని రేవుకి వెళ్ళాను. ఖలీఫా బాబాయి చదివించుకుని, తక్కినవాళ్ళ వంక చూసి నవ్వాడు. ‘ఇది చెప్పడానికి ముద్ర ఎందుకు? వారసుడు లేకపోతే పక్క దడివాడే ఎత్తాలి. రోజూ పోట్లాడేది వాడే కదా, సరుకెంతో వాడికే తెలుస్తుంది. మేమూ ఈ అమ్మాయి పేరే అనుకున్నాం, ఈమె ఒప్పుకోదని నోరు మెదపలేదు’ అన్నాడు.

గాలి పడిపోయిన పొద్దున అందరూ ఆఫీసుకి వచ్చారు. వల నేనే తీశాను. ఆన్ చేసి కూర్చున్నాం. జాలర్లకు ఎదురుచూడటం కొత్త కాదు. చివరికి తెర మీద ‘తిజానీ దహ్మాన్ ఫైలు మూశారు’ అని వచ్చింది. ఖలీఫా బాబాయి టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. నేను ఏడ్చేశాను.

నా బల్ల దగ్గరికి వచ్చి ఫైలు తెరిచాను. తూర్పు తీరమంతా ఉంది, ఒక్క దడి కూడా వదల్లేదు. అన్నిటికన్నా కింద, ఆ రోజు పోట్లాడాక రాసిన వరుస ఒకటుంది. అది మా నాన్న షర్ఫియా. హద్దులన్నీ సరిగ్గా ఉన్నాయి. సాక్షి అన్నచోట ఇలా రాశాడు: ‘తిజానీ దహ్మాన్. చిన్నతనంలో ఈ దడిలోంచే ముల్లెట్ చేపలు దొంగిలించేవాణ్ణి. యజమాని సుయిసీ పట్టుకుని, చెవి మెలిపెట్టి, చేపలు నాకే ఇచ్చి పంపాడు. కాబట్టి ఈ నీళ్ళు ఆయనవే అని నాకు తెలుసు.’

సాక్షి లేడని ఏడాది పాటు నాతో వాదించాడు, అనీస్. తను దొంగనని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది, మొండిఘటం.

జాబితా నిన్నటి ఫెర్రీలో కమిటీకి వెళ్ళింది. పండుగకు అమ్మగారిని తీసుకుని రా.

మీ అక్క,
నజీహా

తా.క. ‘తూర్పు తీరం’ ఫైలును నజీహా సుయిసీ వాడుతున్నారని నిన్నటి నుంచి నీ పెద్ద మిషన్ చెబుతూ ఉంటుంది. సిగ్నల్ బాగానే ఉంది. ఆ చివరి వరుస దగ్గరే ఉన్నాను. పేరు తీయకు, తెరిచినదాన్ని నేనే మూస్తాను.