కంప వేసిన ఇల్లు

పావగడ తాలూకా,
28 జూన్ 1986.

చిరంజీవి తమ్ముడు ఎర్రిస్వామికి నీ అక్క యశోదమ్మ దీవించి రాయునది. ఇక్కడ అమ్మ, మీ బావ, నేను, పిల్లలు, ఇరుగుపొరుగు అందరం క్షేమం. అక్కడ మంచులో నీ ఒళ్ళు ఎలా ఉందో రాస్తూ ఉండు. నీ జాబు మొన్న అందింది. పోస్టుమాన్ దాన్ని పావగడ బస్టాండులో మీ బావ చేతికిచ్చాడట. ఆయన జేబులో పెట్టుకుని మరిచిపోయాడు. చొక్కా నానబెట్టబోతే బయటపడింది. ఇంకో ఘడియ ఆగి ఉంటే నీ జాబును ఆరేసుకుని చదవాల్సి వచ్చేది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను, లేకపోతే కోపంలో మరిచిపోతాను. వాన ఒక్కసారి పడింది, అదీ దుమ్ము అణిగేటంత. ఇంకా దుక్కి కాలేదు. పోయినేడు తినడానికి కూడా వేరుశనగ కాయలు మిగలకపోయినా విత్తనం మూటను మాత్రం అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. అమ్మ ఇంకా చేనికాడ కొట్టంలోనే ఉంటోంది. మా ఇంటికి రమ్మంటే "అల్లుని ఇంట్లో కాళ్ళు చాపుకోని ఎట్ల పండుకుందునే?" అంటుంది. హొన్నవ్వకు కంబళి కొన్నానని రాసి, ఆమె ఇంకా నిన్ను తిడుతోందా అని అడిగావు. దానికి జవాబు కింద రాస్తాను.

ఇక ఆ పేపరు సంగతి. పావగడ దగ్గర ఒక పల్లెలో మిలిటరీ విమానం కూలిందని, పాడుబడ్డ ఇళ్ళ మీద పడింది కాబట్టి ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదని, పైలట్ చివరి క్షణంలో జనం లేని ఇళ్ళ వైపు తిప్పి ఊరిని కాపాడి తాను ప్రాణం ఇచ్చాడని చదివానని రాశావు. అది మన ఊరేనా అని అడిగావు. మన ఊరేరా. మన వీధే. పడింది మన ఇంటి మీదే. నాయన కట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, వెనకగోడ ఒక్కటి నిలబడి ఉంది. ఇన్నాళ్ళు రాయలేదని తిట్టుకోకు, రాయబోయిన ప్రతిసారీ కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

పాడుబడ్డ ఇళ్ళట. ఆ మాట చదివినప్పటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది. నాయన పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని కదిరయ్య మామ చెబితే, దినాలు అయిన మర్నాడు వాకిలికి అడ్డంగా తుమ్మకంప వేసి రైలుకు పోయింది నువ్వే కదా. శ్రావణంలో కంప తీసి, పాలు పొంగించి, మళ్ళీ లోపలికి పోవాల్సిన ఇల్లు అది. పక్కన మారన్న ఇంటికి తాళం ఉందంటే వాళ్ళు బెంగళూరులో మట్టి మోయడానికి పోయారు. విత్తనాల వేళకు వస్తారు. చచ్చినవాని నక్షత్రానికి భయపడి ఒకరు, బతకడానికి దారి లేక ఒకరు ఇల్లు మూసుకుంటే, మిలిటరీ లారీ దిగి చూసిన వాళ్ళకు అది పాడుబడ్డ వీధి అయిపోయింది. ఒక్కరైనా ఎందుకు మూశారమ్మా అని అడగలేదు.

ఆ విమానాలు ఉగాది దాటినప్పటి నుంచి వస్తున్నాయి. జంటజంటగా వచ్చి, పావగడ కొండను చుట్టి, మన ఇళ్ళ కప్పుల మీదుగా పోయేవి. ఆ హోరుకు కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. ఎర్రావు పలుపు తెంచుకుని పరిగెత్తింది. మీ బావ, ఇంకో నలుగురు పావగడ తాలూకా ఆఫీసుకు పోయి ఇంత కిందికి రావద్దని చెప్పమంటే, దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేరా అని నవ్వి పంపారట. దేశం కోసం నా తమ్ముణ్ణి మంచులోకి పంపాను, ఇంకేం ఓర్చుకోవాలి? చెట్టూ చేమా లేని బీడు కంటికి ఆనినంత మేర పడి ఉంది ఈ తాలూకాలో. నేర్చుకోవడానికి మన వీధే దొరికిందా వీళ్ళకు?

ఆ రోజు నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. రెండు విమానాల్లో ఒకటి దగ్గుతున్నట్టు వినిపించింది. తలెత్తేలోపల మన వీధి వైపు పొగ లేచింది. మా గోడమీది చెంబు కిందపడింది. మీ బావ పరిగెత్తాడు, వెనకే నేను. దగ్గరికి పోదామంటే మంట పోనివ్వలేదు. బిందెలతో పోయడానికి నీళ్ళు ఎక్కడివి, బావిలో అడుగు కనిపిస్తుంటే? నిలబడి చూశామురా. అంతకన్నా ఏమీ చేయలేకపోయాం.

ఇప్పుడు హొన్నవ్వ సంగతి. ఆమె రోజంతా ఎక్కడ కూర్చునేదో నీకు నేను చెప్పాలా? మన అరుగు మీదే. కంప వేసింది వాకిలికి, అరుగుకు కాదు. గడప దాటకుంటే తప్పులేదని కదిరయ్య మామే అన్నాడు. ఆమె గుడిసెలో వేడికి ఉండలేక పొద్దున్నే వచ్చి మన అరుగు నీడలో కూర్చుని, విత్తనం కాయలు ఒలిచేది. మిషన్లో వేస్తే పప్పు పొట్టు లేచిపోతుంది, మొలకెత్తదు, చేత్తోనే ఒలవాలని అమ్మ పట్టు. అంత ఓపిక హొన్నవ్వకు తప్ప ఎవరికుంది? ఆ పొద్దు చేట నిండా కాయలు పోసి వచ్చింది నేనే. "మీ తమ్మునికి రాయే, చలికాలం పొయ్యి ఎండాకాలం వచ్చె, నా మిలిట్రీ కంబళి యాడ వచ్చె అని అడుగు" అంది. రాస్తాలే అవ్వా అని నవ్వి వచ్చేశాను.

ఆమెకు పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. నీకు నడక వచ్చింది ఆ అరుగు పట్టుకుని, ఆమె కొంగు పట్టుకుని.

మధ్యాహ్నానికి లారీలు వచ్చాయి. వీధికి అడ్డంగా తాడు కట్టి మమ్మల్ని అవతల నిలబెట్టారు. మీ బావ వెంటనే చెప్పాడు, అరుగు మీద ముసలామె ఉండేదని. చూస్తాం అన్నారు. ఇనుప ముక్కలు, కాలినవి, బూడిద, అన్నీ సంచుల్లో ఎత్తారు. పైలట్ పెట్టె మీద జెండా కప్పి, వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. ఆ పిల్లవానికి నీ అంత వయసే ఉంటుందట. అమ్మ అతని కోసం కూడా ఏడ్చింది. అతనికి ఆ మర్యాద చేయాల్సిందే, నేను కాదనను. కానీ అదే నేల మీద, అదే మంటలో ఇంకొక మనిషి పోయింది కదా. ఆమె ఎక్కడ అని అడిగితే, వాళ్ళతో వచ్చిన గుమాస్తా ఏమన్నాడో తెలుసా?

"యాడికో కూలికి పొయ్యింటాది, వస్తాదిలేప్పా."

పావగడ సంతకు కూడా పోని మనిషి. మీ బావ మెత్తనివాడు కదా, ఆ రోజు ఆ గుమాస్తా మీదికి పోయాడు. ఇద్దరు సిపాయిలు పట్టుకుని పక్కకు లాగారు. నీలాంటి బట్టలే వేసుకున్న పిల్లలురా వాళ్ళు. సంచులన్నీ లారీకి ఎక్కించుకుని పోయారు. పూడ్చడానికి మాకు పిడికెడు బూడిద కూడా మిగల్చలేదు. పైలట్ జనం లేని ఇళ్ళు చూసి తిప్పాడట. అంత పైనుంచి వాకిట్లో కంప కనపడిందా ఆ పిల్లవానికి? పాపం అతని నోట్లో కూడా వీళ్ళే మాట పెట్టారు.

ఇంతవరకు రాసింది ఊరంతా తెలిసిన సంగతి. ఇప్పుడు రాసేది నీకు చెప్పాలా వద్దా అని నేను తల పట్టుకున్న సంగతి.

ఆ ఇళ్ళలో ఎవరూ లేరని వాళ్ళు గాల్లోంచి రాసుకోలేదు. చెప్పింది అమ్మే.

లారీలు వచ్చిన కాసేపటికే కదిరయ్య మామ అమ్మ వినేటట్టు అన్నాడు, "నక్షత్రం తప్పితే ఇట్లే అయితాది. ఎవురన్నా గడప తొక్కింటారు" అని. అమ్మ అప్పటికే కాలిన ఇంటిని చూస్తూ కూలబడి ఉంది. ఆ మాటతో ఇంకే ఆలోచనా లేకుండా పోయింది. అదే సమయానికి ఆఫీసరు గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చి, ఈ ఇంట్లో ఎవరైనా ఉండేవారా అని అడిగించాడు. మొగుని నక్షత్రం తాను తప్పానని నిందిస్తున్నారనుకుంది ఆ పిచ్చితల్లి. "లేదు సామీ, ఒక్క మనిసి గూడా లేదు. నరపురుగు గడప తొక్కలేదు. దీపం గూడా పెట్టలేదు, దేవుని మీద ఆన" అని ముగ్గురు వినేటట్టు చెప్పి, వాళ్ళు రాసుకున్న మహజరు కాగితం మీద వేలిముద్ర వేసింది. మీ బావ హొన్నవ్వ కోసం రెండోసారి అడిగినప్పుడు గుమాస్తా ఆ వేలిముద్రే చూపించాడు. మీ అత్తే చెప్పింది కదా, ఇంకేంది అన్నాడు.

తన మాటే హొన్నవ్వను లేకుండా చేసిందని తెలిసిన తర్వాత అమ్మ తిండి మానేసింది. బొటనవేలు చూసుకుంటూ కూర్చునేది. ఆ వేలి నల్లమరక ఎర్రమట్టితో రుద్దీ రుద్దీ తోలు లేపుకుంది. నాకు అమ్మ మీద కోపం రాలేదు. ఇల్లు కాలిన ఆడమనిషిని, నీళ్ళు తాగావా అని కూడా అడక్కుండా, ప్రశ్న వేసి వేలు పట్టుకున్న వాళ్ళ మీద వచ్చింది.

ఒక పొద్దున అమ్మ నన్ను లేపి, "పావగడకు పోదాం పా" అంది. ఆఫీసరు ఇంకా అక్కడ బంగళాలోనే దిగి ఉన్నాడు. ఊరి పెద్ద అని కదిరయ్య మామను కూడా తీసుకుపోయాం. అమ్మ మెట్ల మీద నిలబడే చెప్పింది.

"మా ఇంట్లో మనిసి ఉండె సామీ. పేరు హొన్నమ్మ. నేనే ఉండమన్యా. ఆయమ్మ ఆడే తినె, ఆడే పండుకునె, ఆడే కాలిపాయె."

గుమాస్తా విసుక్కున్నాడు. "మొన్న ఎవురూ లేరంటివి కదవ్వా?"

"మొన్న అబద్ధం చెప్పినా."

"ఎందుకు చెప్తివి?"

"నా మొగుని నక్షత్రం తప్పినానని ఊరోళ్ళు ఉమ్మేస్తారని. ఇబ్బుడు ఉమ్మేయనీ. రాసుకో."

కదిరయ్య మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆఫీసరు గుమాస్తాతో ఏదో అన్నాడు. ఆ గుమాస్తా నవ్వుతూ, "కొడుకు మిలిట్రీలో ఉండాడంట కదా, ఏ పటాలం?" అని అడిగాడు. నీ ఉద్యోగం మీదికి తెస్తామన్న బెదిరింపు అది. ఆ నవ్వులో ఏముందో అమ్మకూ అర్థమైంది. అయినా నీ పేరు, నీ నంబరు, నీ పటాలం, తడుముకోకుండా అప్పజెప్పింది. నీ జాబుల మీది అడ్రసు నాతో చదివించుకుని చదివించుకుని కంఠతా పట్టింది కదా. "వాన్నే అడుగు పో. వాడు గూడా చెప్తాడు" అంది.

కొత్తగా రాసుకుని ముద్ర వేయించుకున్నారు. విచారిస్తామన్నారు. ఇప్పుడు ఊళ్ళో అమ్మ పేరెత్తి ఏమంటున్నారంటే, బోరమ్మ గడప తొక్కించింది, అందుకే ఆకాశం విరిగి పడింది అంటున్నారు. కదిరయ్య మామ ఇంట్లో మజ్జిగ పోయడం మానేశారు. నీళ్ళకాడ అమ్మ పోతే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకుంటున్నారు. పైనుంచి పడింది మిలిటరీ వాళ్ళ విమానం, నింద మోసేది మా అమ్మ. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి అన్నం తింటోంది.

కంప వేసింది నువ్వు. ఆ గడప ఎవరూ దాటలేదని నీకూ నాకూ తెలుసు. అరుగు మీద అంటే లేచి ఎటో పోయుంటుందని కొట్టేస్తారనే అమ్మ ఇంట్లో అని చెప్పింది. అక్కా, అబద్ధం చెప్పమంటావా అని అడుగుతావు. నిన్ను ఒక్కటే అడుగుతాను. అరుగు ఇల్లు కాదా? నీకు పాలు మరిపించి అన్నం పెట్టింది ఆ అరుగు మీద కాదా? పైవాళ్ళు పిలిచి అడిగితే, మా అమ్మ చదువురానిది, తెలియక చెప్పింది అని మాత్రం అనకు. నీ ఉద్యోగానికి ఏమవుతుందో అని నాకూ భయమే, లేదని ఎట్లా రాయను? అయినా ఆ ఇంట్లో మనిషి ఉండేదని చెప్పు. ఎవరని అడిగితే, మా అవ్వ హొన్నమ్మ అని చెప్పు. చెప్పలేనంటే అదే నాకు రాయి, అమ్మకు చదివి వినిపించను.

కంబళి ఎవరికీ ఇచ్చేయకు. సెలవు దొరికితే తీసుకురా. దినాలు చేయడానికి ఆమెది ఏమీ మిగలలేదు కాబట్టి, ఆ వెనకగోడ కింద కంబళి పరిచి, దాని ముందు ముద్ద పెడతానంటోంది అమ్మ.

జాబు మొదట్లో అందరం క్షేమం అని రాశాను చూడు. చేయి అలవాటు కొద్దీ రాసేసింది. ఎవరికీ ఏమీ కాలేదని ఆ మిలిటరీ వాళ్ళూ అలాగే రాసుకుని ఉంటారు. ఆ మాట కొట్టేసి చదువుకో నాయనా. ఆ అందరిలో హొన్నవ్వ లేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం పోస్టుమాన్ దారి చూసే
నీ అక్క,
యశోదమ్మ.