మక్కచేన్ల స్పీడ్ చూసొచ్చిన

లాల్‌దర్వాజా,
ఆదివారం

అమ్మా,

నీ చిన్నబిడ్డ కీర్తిప్రియ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, బాపు మంచిగున్నం. అక్కడ అక్క, అక్క పసిబిడ్డ, నువ్వు గూడ సల్లగున్నరనే అనుకుంటున్న. అక్క పనిచేసే ఆశ్రమ పాఠశాల దిక్కు ఫోన్‌కు సిగ్నల్ రాకుండుడు ఒకందుకు మంచిదే అయ్యింది. లేకుంటే నీ చేతిరాత నేనెప్పుడు చూస్తుంటి?

నువ్వడిగినయి చెప్త. బాపు టైముకే తింటున్నడు. వంట ఆయనదే, కారం నీకన్న ఎక్కువేస్తున్నడు. కింది పోర్షన్ల మున్నీ నిన్ను మస్తు యాది చేస్తున్నది, పసిదానికి కుల్లాయి అల్లుతున్నది. ఇగ నా నౌకరి గురించి ఫికర్ చెయ్యకు. "ఆ మందుల వాసనల నీకేం పని" అని రాసినవు. నేను మందు ముట్టనే ముట్టనమ్మా. శాలిబండల మా అమరనాథ్ సేఠ్ దుకాణంల ట్రాక్టర్ వెనక కట్టి చేన్లకు మందు కొట్టే మిషన్లు అమ్ముతరు. అవి సక్కగ నడుస్తున్నయా లేదా చూసుడే నా పని.

పోయిన వారం దుకాణం కాడ పెద్ద లొల్లి. చేవెళ్ల దిక్కు నుంచి ఒక రైతు వచ్చిండు. మక్కచేన్ల గడ్డిమందు కొడితే గడ్డితోని పాటు మక్క ఆకులు గూడ తెల్లగ పాలిపోయినయట. "ఖరాబ్ మిషన్ ఇచ్చిన్రు, వాపస్ తీస్కోండ్రి" అని గేటు కాడికెల్లే అరుసుడు. సేఠ్ గూడ గరమయ్యిండు. "మిషన్ల ఏం లేదు, నువ్వే మందు ఎక్కువ కలిపినవ్" అన్నడు. కొట్టుకునేదాక వచ్చింది. నేను నడుమల జొర్రి "నేనొచ్చి చేను చూస్త" అన్న.

"రా బిడ్డా, చూడు. నీకే ఏడుపొస్తది" అన్నడాయన.

నిజంగనే వచ్చింది. మీద ఎత్తుల ఉన్న దిక్కు మక్క పచ్చగనే ఉంది. కింద తడి ఉన్న దిక్కు ఎటు చూసినా తెల్లటి ఆకులే. మందు సరిగ్గనే కలిపిన్రు. మందు చిమ్మే ఒక్కొక్క నాజిల్ కింద మగ్గు పట్టి చూసిన, అన్ని ఒక్క తీరుగనే పోస్తున్నయి. ఇగ మిగిలింది ట్రాక్టర్ నడిచే స్పీడే. మిషన్ ఎప్పుడూ ఒక్క తీరుగనే పోస్తది గద, ట్రాక్టర్ జల్ది పోతే నేల మీద మందు తక్కువ పడ్తది, మెల్లగ పోతే ఎక్కువ పడ్తది.

ఆయన ట్రాక్టర్ డ్రైవర్ పింటూను అడిగిన. "మీటర్ చూసుకుంటనే నడిపిన మేడం. సేఠ్ చెప్పిన నంబర్ కన్న తగ్గలే, ఒట్టు" అన్నడు.

అతను అబద్ధం చెప్తలేడు. తప్పు చెప్పింది మీటరే. వెనక టైర్లు అరిగిపోతే కొంచెం చిన్న సైజువి ఏపిచ్చిన్రు. మీటర్ టైరు తిరుగుడునే లెక్కవెడ్తది గని, టైరు చిన్నగయ్యిందని దానికేం తెల్సు? తడి నేలల టైరు జారుకుంట ఉన్నకాడనే తిరిగినా, ముందుకు పోయినట్టే చూపిస్తది.

రైతు నమ్మలే. ట్యాంకుల సగం దాక ఉత్త నీళ్లు నింపిచ్చి, ఆ తడి నేలలనే టేపుతోని కొలిచి రెండు కట్టెలు పాతిన. పింటూ జర దూరంకెల్లే స్పీడ్ అందుకొని రావాలె. ట్రాక్టర్ మొదటి కట్టె దాటంగనే ఫోన్ల టైం నొక్కాలె, రెండోది దాటంగనే ఆపాలె. పోంగ ఒకసారి, రాంగ ఒకసారి. మీటర్ చెప్పినదానికి, చేన్ల నడిచినదానికి మస్తు ఫరక్ వచ్చింది. "ఫోన్ నాకియ్యి" అని రైతే గుంజుకొని, ధోతి పైకి చెక్కి, ట్రాక్టర్ పక్కపొంటి ఉరికిండు. ఆయనకూ అంతే వచ్చింది. రొప్పుకుంట ఒడ్డు మీద కూలవడి, "సేఠ్‌ను తిట్టిన, పింటూను తిట్టిన. ఇగ ఎవల్ని తిట్టాలె బిడ్డా?" అన్నడు. నవ్వాపుకోలేకపోయిన.

కొత్త లెక్క ప్రకారం గేరు మార్పిచ్చిన. పాలిపోయిన మక్క మొత్తం దక్కదు గని, చాన మొక్కలల్ల నడిమి సుడిలకెల్లి కొత్త ఆకు పచ్చగనే వస్తున్నది.

ఇగ అసలు ముచ్చట. ఇంతదాక ఆ రైతు పేరు రాయలే. ఆయన రామలింగయ్య మామ. నీ అన్న. గేటు కాడ పేరు, ఊరు చెప్పుకుంట అరుస్తుంటెనే నాకు తెల్సింది. అందుకే పోత అన్న.

ఆ దినం మామింట్ల బువ్వ తినేకాడ "ఎవల బిడ్డవు?" అని అడిగిండు.

"నీలమ్మ బిడ్డను మామా" అన్న. చేతిల ముద్ద చేతిలనే ఆగింది.

అమ్మమ్మను పట్నం దవాఖానకు తీస్కపోత అని నువ్వంటే మామ పంపలేదని, అందుకే అమ్మమ్మ దక్కలేదని గిన్నేండ్లు ఆయన గడప తొక్కకపోతివి. "ఎందుకు పంపలే మామా?" అని అడిగేసిన.

ముద్ద పల్లెంల పెట్టిండు. "మీ అమ్మమ్మనే పోనన్నది బిడ్డా. పోతే ఈ ఇంట్లనే పోత, నీలకు మాత్రం చెప్పకు అని నా చెయ్యి పట్టుకున్నది. చెప్తే, కన్నతల్లి నా మాట కాదన్నదని మీ అమ్మ కుములుతది. నన్ను తిట్టుకుంటె తిట్టుకోనీ అనుకున్న."

నీకు చెప్పనని నాతోని గూడ ఒట్టు పెట్టిచ్చుకోబోయిండు. నేను చెయ్యి ఇయ్యలే. అమ్మా, అమ్మమ్మ మాట నీకు తెల్వాలె. చదివి ఏడుస్తవని తెల్సు. అక్క పక్కన కూసొని ఏడువు.

ఇయ్యాల పొద్దుగాల మామ టమాట గంపతోని మనింటికొచ్చిండు. గడప అవతలనే నిలవడి, "బావా, నీల ఏమంటదో" అన్నడు.

"అననీ. గిన్నేండ్లు నేనొక్కన్నే పడ్డ, ఇగ నువ్వు గూడ పడు" అని బాపు ఆయన చెయ్యి పట్టి లోపటికి గుంజిండు. ఇద్దరు నవ్విన్రు, తర్వాత ఇద్దరు కండ్లు తుడుచుకున్నరు.

పసిదాని తొట్టెల పండుగకు ముగ్గురం వస్తున్నం. బస్సు దిగంగనే ముందుగల్ల నన్ను తిట్టు. మామను మాత్రం బువ్వ పెట్టినంకనే తిట్టు.

ఇట్లు,
నిన్నడగకుండనే మామింట్ల తిన్న
నీ చిన్నబిడ్డ
కీర్తిప్రియ