జోడు పంచెల వంతు

గద్వాల,
ఈశ్వర నామ సంవత్సరం, ఆషాఢ బహుళ పంచమి.

చిరంజీవి గోవిందుకు, నీ తాత మాసయ్య నెత్తిన చేయి పెట్టి దీవించి రాసే సంగతులు. ఎవరితోనూ రాయించడం లేదు, నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. కూడబలుక్కొని చదువుకో, నవ్వకు. నేనూ మీ అవ్వ జములమ్మా తిని తిరుగుతున్నాం. నువ్వు కూడా పట్నంలో కాళ్ళూ చేతులూ విరగకుండా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. తిరుపతి స్వామికి ఏటా మన గద్వాల నుంచి పోయే జోడు పంచెలు నేసే వంతు ఈసారి మన ఇంటికి వచ్చిందని ఎవరో నీకు చెప్పారట. శ్రావణంలో మీ మిల్లు హాకీ జట్టు బొంబాయికి ఆడబోతుందని, నువ్వు పోకపోతే నీ పేరు కొట్టేస్తారని, అయినా సరే అన్నీ వదిలి వచ్చి మగ్గం మీద నా పక్కన కూర్చుంటానని రాశావు. చదివి సంతోషపడ్డాను. ఇప్పుడు నేను చెప్పేది విను. రావద్దు.

నా కళ్ళు మందగించాయి. పోగు తెగితే కనిపించడం లేదు. మామూలు చీరలో పోగు తప్పితే కొన్నవాళ్ళు తిట్టి ఊరుకుంటారు, స్వామి పంచెలో తప్పితే ఎవరికి చెప్పుకోవాలి? అందుకని కులపెద్ద ధర్మయ్యకు నేనే చెప్పి, వంతును పక్క వీధి హన్మంతు ఇంటికి ఇప్పించాను. హన్మంతు చేయి మంచిది. ఒంటిపూట తిండి, నేల పడక, ఆ నిష్ఠ అంతా పట్టగలడు. నువ్వు బాధపడేది ఏమీ లేదు.

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఆట సంగతి వచ్చినప్పుడల్లా ఏదో దొంగతనం చేసినవాడిలాగా రాస్తావు. అది నాకు నచ్చలేదు. మీ నాయన బాలన్న గత్తర రోగంలో పోయిన ఏడు నీకు గుంత మగ్గంలో కాళ్ళు అందేవి కావు. గోనె మడత పెట్టి దాని మీద నిన్ను అంచు పక్కన, మీ నాయన చోట, కూర్చోబెట్టాను. మన చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఒక్కొక్క నూలు పోగునూ పట్టు పోగుతో మెలివేసి కలపాలి. నేను ఇటు నుంచి దారపు కండె ఉన్న నాడె విసిరితే నువ్వు అటు చూడకుండానే పట్టి, అంచు నాడె తిప్పి పంపేవాడివి. మీ జట్టు పెద్ద, నీ మణికట్టుకు ఆ తిప్పుడు ఎవరు నేర్పారని అడిగాడని రాశావు కదా. ఎవరు నేర్పారని చెప్పావో మాత్రం రాయలేదు. గద్వాలలో మాసయ్య మగ్గం నేర్పిందని చెప్పు. తల ఎత్తి చెప్పు.

చింతకొమ్మను మంట మీద కాల్చి వంచి నువ్వు చేసుకున్న మొదటి కర్ర నాకు ఇంకా గుర్తుంది. దానితో పక్కింటి శారదమ్మ నీళ్ళ కుండ పగలగొట్టావు. అదే కర్ర లాక్కొని నిన్ను కొట్టబోయాను. ఒక్క దెబ్బ తగల్లేదు. నేను ఎత్తకముందే అది ఎటు వస్తుందో నీకు తెలిసిపోయేది. కోపం పోయి నవ్వు వచ్చింది కానీ నీ ముందర నవ్వలేదు. తర్వాత రాయచూరు ఆటలో నిన్ను చూసి మిల్లువాళ్ళు నౌకరి ఇచ్చి తీసుకుపోతే, మీ అవ్వ ఏడ్చింది, నేను ఏడవలేదు.

మొన్న అయిజ సంతలో ఎద్దును తోలుకొచ్చినవాడు ఒకడు, "నీ మనుమడు పట్నంల ఏం పని చేస్తుండు?" అని అడిగాడు. హాకీ ఆడతాడని చెప్పాను. "గది సరే, పని ఏంది?" అన్నాడు. "నీ ఎద్దు ఉరికితే పని, నా మనుమడు ఉరికితే పని కాదా?" అన్నాను. వాడు బెల్లం కొనుక్కొని ఎద్దును తోలుకుపోయాడు.

ధర్మయ్య కూడా నలుగురిని వెంటేసుకొని వచ్చాడు. "మాసయ్యా, నీ మనుమడు తోలు బంతిని కొట్టి జీతం తింటుండు. గసుంటి ఇంట్ల స్వామి పంచెలు ఎట్ల నేస్తరు?" అన్నాడు. "స్వామి ముంగట మోగే డోలు గుమ్మడికాయతోని చేసిండ్రా? అది తోలు కాదా?" అన్నాను. వెంట వచ్చినవాళ్ళు తలలు వంచుకొని నవ్వుకున్నారు. ఇది నీకు ఎవరైనా ఇంకో తీరుగా చెబితే నమ్మకు. నేనే గెలిచాను.

నీ చోట ఇప్పుడు మీ అవ్వ కూర్చుంటోంది. అంచు ఒక్కోసారి పాము నడిచినట్టు వస్తుంది. నేను ఏమీ అనను. అంటే లేచిపోతుంది, పొయ్యి కూడా ముట్టించదు.

బొంబాయిలో నీళ్ళు చూసుకొని తాగు. గెలిస్తే ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. ఓడితే మాత్రం నువ్వే రాయి.

ఇంతే. ఒకసారి చెప్పిన మాట మార్చుకోని
నీ తాత మాసయ్య.

మరిచిన మాట: మరిచింది కాదు, దాచింది. ఉత్తరం అంటించే ముందు మీ అవ్వకు చదివి వినిపించాను. "కండ్లు కనవడ్తలేవని రాస్తివా? గా ముక్క చదివినంక పిలగాడు పట్నంల నిలుస్తడా? దొరికిన రైలు ఎక్కి వస్తడు. అబద్ధమాడుడు గూడ చాతగాదు నీకు" అని తిట్టింది. తిట్టిన దాంట్లో న్యాయం ఉంది. నా కళ్ళకు ఏమీ కాలేదు. ఆమె సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. వంతు నేను ఇవ్వలేదు, ధర్మయ్య వాళ్ళు తీసుకున్నారు.

డోలు మాటకు ధర్మయ్య ఊరుకోలేదు. "డోలు స్వామి కోసం మోగుతది. నీ మనుమని బంతి ఎవరి కోసం ఉరుకుతది?" అన్నాడు. నేనే గెలిచానని రాసింది కూడా అబద్ధమే. అందరినీ బయటికి పంపి పక్కన కూర్చొని మెత్తగా చెప్పాడు. "అన్నా, ఆట ఇడిసిపెట్టి రమ్మని పిలగానికి జాబు రాయి. మైల పోయేటట్టు బీచుపల్లి కాడ కృష్ణల తానం చేపిద్దం, వంతు నీదే. రాయనంటవా, నీ ఇల్లు వంతుల వరుసల నుంచి తీసేస్తం. గీ ఏడు ఒక్కటే కాదు, ఇగ ఎన్నటికీ" అన్నాడు. ధర్మయ్య చెడ్డవాడు కాదు. ఆ చోట నేనుంటే నేనూ అదే అందునేమో.

మా తాత నేశాడు, మా నాయన నేశాడు, మీ నాయనను పక్కన కూర్చోబెట్టుకొని నేనూ నేశాను. ఇక మన ఇంట్లో ఎవరూ నేయరు. ఇది చిన్న మాట అని నీకు చెప్పను. నాకు అన్నం సయించలేదు.

వాళ్ళు అడిగింది ఒక్క జాబు. రాద్దామని కలం పట్టుకొని కూర్చున్నాను కూడా. నీ పేరు వరకు రాశాను. ఆట మానుకో అని రాయడానికి చేయి కదల్లేదు. ఆ కాగితం మీదనే ఇది రాశాను. బొంబాయికి పో.