మేడ మీద మూరెడు సందు

అమ్మాయీ,

పనికి వెళ్తున్నాను. మేడ మీద శ్లాబుల మధ్య పడమటి సందులో నీళ్ళు దిగకుండా పూసిన సీలెంటు ఇంకా పచ్చిగా ఉంది. రేపటిదాకా ఎవరినీ తొక్కనివ్వకు.

మొన్నటి వానకు నువ్వు నింపిన తూర్పు సందు చుక్క కూడా కారలేదు. నేను పాతదాని మీదే పూసిన ఈ సందు కింద నా మంచం తడిసింది. తూర్పు సందు నింపిన రోజు నువ్వు పాతదంతా గీకి, సీలెంటు లోతుకు జారకుండా అడుగున స్పాంజి తాడు పెడుతుంటే నవ్వాను. "మాసిన మొహానికి పౌడరు నిలుస్తుందా మామయ్యా?" అన్నావు. నిలవలేదు.

నిన్న అంతా గీకి ఎండబెట్టి, ఈ పొద్దున నీలాగే నింపాను. ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ పని చేస్తున్నాను, నీ అంత ఓపికగా సందు నింపినవాళ్ళను చూడలేదు. చివర మూరెడు వదిలాను. తాడు లోతు సరిపోయిందో లేదో చూసి, నువ్వే ముగించు.

మామయ్య

తప్పుంటే నాకు చెప్పు. మీ ఆయన ముందు మాత్రం వద్దు.