చిన్నోడి అసలు పేరు

ఆదివారం, రాత్రి

వారమంతా గార్మెంట్స్‌లో మిషన్ తొక్కినదానికంటే ఈ ఒక్కరోజే ఎక్కువ అలసిపోయాను. అయినా నిద్ర రావడం లేదు.

సాయంత్రం అత్తమ్మతో కలిసి బొమ్మనహళ్ళి బజారుకు వెళ్తే, నా కొడుకు చిన్నోడు చెయ్యి విడిపించుకుని జనంలో కలిసిపోయాడు. "చిన్నోడా" అని అరిస్తే ఎవరెవరి పిల్లలో తిరిగి చూశారు, వాడు తప్ప. వాడి అసలు పేరు మా మామది, అంతకుముందు ఆయన తాతది. మామ పేరు నేను పలకకూడదు, భర్త పేరు అత్తమ్మ పలకకూడదు. అందుకే ఏడేళ్లుగా వాడు ఇంట్లో చిన్నోడే. ఇక వేరే దారి లేక గొంతు చించుకుని "నారాయణప్పా" అని పిలిచాను.

వాడికంటే ముందు అత్తమ్మ గిరుక్కున తిరిగింది. మామ పోయి మూడేళ్లయింది. ఆమె పిల్లల్ని కాదు, పెద్దవాళ్ల ముఖాలు వెతుకుతోంది.

చిన్నోడు చెప్పుల అంగడి దగ్గర దొరికాడు. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, "తప్పయిపోయింది అత్తా" అన్నాను.

"తప్పేముండాదిలేమ్మా. యాభై ఏండ్లు ఆ పేరు నా నోట్లోనే ఉండిపాయ." ఇంకో కంచం ముందుకు జరిపింది. "వాన్ని అన్నానికి పిలువు. చిన్నోడా అనొద్దు."