శాసనానికి పసుపు పూసిన సమితి వారికి

శాసనానికి పసుపు పూసింది మీరు. ఉద్యోగం పోయింది మా చిన్నాన్నకు.

విషయం: కృష్ణ ఒడ్డున మా ఊరి కోటలో తమరు చేసిన పనిని ఒప్పుకుంటూ కాగితం రాసివ్వడం గురించి.

తూర్పుగాలి తెలుగు సమితి (క్లైడ్ నార్త్, మెల్‌బోర్న్) అధ్యక్షులు విజయభాస్కర్ గారికి,

అయ్యా,

1. జనవరిలో సమితి యాత్రలో మనమందరం ఆ కోటకు వెళ్లిన సంగతి తమరికి విదితమే. అక్కడి కావలి మనిషి ఓబులేసు నాకు సొంత చిన్నాన్న. ఏటి వైపు ద్వారం దగ్గరి శాసనాన్ని ఆయనే చూపించారు. వరదలో జనాన్ని దాటించే పుట్టివాళ్ల దగ్గర సుంకం తీసుకోకూడదని ఆరువందల ఏళ్ల కిందట కోట దొర చెక్కించిన మాట అది.

2. సదరు రాయిని చూసి తమరి సతీమణి కాత్యాయని ఆంటీ, "అయ్యో, అమ్మవారిని బొట్టు లేకుండా వదిలేశారే!" అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు డబ్బా తీశారు. చిన్నాన్న చేతులు అడ్డం పెట్టి, "అమ్మవారు కాదు తల్లీ, రాతలుండే రాయి. పూయగాకండి" అన్నారు. మీ పాప తనీష కూడా, "డాడ్, ఇట్స్ జస్ట్ రైటింగ్!" అంది. తమరేమన్నారు? "మెల్‌బోర్న్ నుంచి ఇంత దూరం వచ్చాం, ఒక్క కొబ్బరికాయకి కూడా పర్మిషనా?" అని ఆ రాయి మీదే కొట్టారు. పెచ్చు ఊడింది. ఆంటీ పూసిన పసుపు అక్షరాల్లోకి దిగింది.

3. ఆ ఫొటో తమరు ఫేస్‌బుక్కులో పెట్టారు. పురావస్తు శాఖలో చిన్నాన్న పైవాళ్లు చూశారు. కావలివాడే డబ్బు తీసుకుని పూజ చేయించాడని రాసి పనిలోంచి ఆపేశారు. "ఆ రాయి మీద మేకను కూడా ఎక్కనీయలేదే పాపా, నేనెట్ల పాడు చేయిస్తా?" అని చిన్నాన్న నాకు ఫోన్లో చెప్పుకుని ఏడ్చారు.

4. మొన్న సభలో అడిగితే తమరు, "ఫీల్ అవకమ్మా, ఉగాదికి వీడియో కాల్‌లో సన్మానం చేద్దాం" అన్నారు. ఉద్యోగం పోగొట్టి సన్మానమా? వీడియో కాల్‌లో శాలువా ఎట్లా కప్పుతారు సార్?

నేను గోడౌన్‌లో పెట్టెలు ప్యాక్ చేసేదాన్ని. అర్జీ రాయడం ఎవరూ నేర్పలేదు, నెట్‌లో చూసి రాస్తున్నాను. తప్పులుంటే తమరే దిద్దుకోండి.

సోమవారం అక్కడ విచారణ. "పూసింది మేము. కొట్టింది మేము. ఆయన వద్దని అడ్డం పడ్డాడు. పైసా తీసుకోలేదు." ఈ నాలుగు మాటలు తమ సంతకంతో కావాలి. చదివి పక్కన పెట్టక, సంతకం చేయవలెను.

విధేయురాలినని రాయడానికి చెయ్యి రావడం లేదు,
ఉదయశ్రీ

ముఖ్య గమనిక: కాగితం శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా నా చేతికి రావాలి. రాకపోతే శనివారం పొద్దున్నే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. ఆంటీ కాఫీ ఇచ్చినా లేవను.